కెరటాల్లో ఓడ ఒరుగుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాలన్నీ విశాఖ చుట్టుపక్కల నుంచే వచ్చాయి. అన్నీ ఓడ పక్కలకు ఒరగడం గురించే. ఎక్కువమంది ఒక్క అంకె అడిగారు: "ఫలానా సముద్రంలో మా ఓడ ఎన్ని డిగ్రీలు ఒరుగుతుంది?" దీనికి ఒక్క అంకెతో ఇచ్చే జవాబు సగం జవాబే అవుతుంది. ఎంతసేపట్లో, ఎంత అవకాశంతో అన్న రెండు మాటలు పక్కన చేరితేనే ఆ అంకెకు అర్థం.

ప్రశ్న: నేవల్ ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. నా ప్రాజెక్టులో ఓడ వెడల్పు 16 మీటర్లు, జీఎమ్ (వాలిన ఓడ తిరిగి నిలబడే గుణానికి కొలమానం) 0.9 మీటర్లు. ఓడ ఆగి ఉంది, కెరటాలు పక్కనుంచి వస్తున్నాయి. ఇన్‌కాయిస్ (సముద్ర స్థితి సూచనలిచ్చే కేంద్ర సంస్థ) సూచనలో అలల ఎత్తు 2 మీటర్లని ఉంది. 2 మీటర్ల అలను సమీకరణంలో పెడితే వచ్చే కోణమే గరిష్ఠమా? (విద్యార్థిని, మర్రిపాలెం)

జవాబు: కాదమ్మా. సూచనలో ఇచ్చే 2 మీటర్లు ఏ ఒక్క అల ఎత్తూ కాదు. ఉన్న అలలన్నిట్లో పెద్దవైన మూడో వంతు ఎత్తుల సగటు అది. అదే సముద్రంలో మూడు గంటలు చూస్తే అన్నిటికన్నా పెద్ద అల దాదాపు 3.7 మీటర్లు ఉంటుంది. పైగా ఒకే ఎత్తుతో, ఒకే కాలంతో (శిఖరానికీ శిఖరానికీ మధ్య పట్టే సెకన్లు) వరసగా వచ్చే అలలు ప్రయోగశాల కొలనులో పుట్టించుకోవాల్సిందే తప్ప బంగాళాఖాతంలో దొరకవు.

1953లో సెయింట్ డెనిస్, పియర్సన్ అనే పరిశోధకులు చూపిన దారి ఇప్పటికీ పునాది. గజిబిజి సముద్రాన్ని ఎన్నో సైన్ అలల మొత్తంగా తీసుకుంటాం. ఒక్కో పౌనఃపున్యం దగ్గర ఓడ ఎంత స్పందిస్తుందో ఆ స్పందన వర్గాన్ని అలల స్పెక్ట్రమ్‌తో (ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత శక్తి ఉందో చూపే గీత) గుణిస్తే ఒరుగుడు స్పెక్ట్రమ్ వస్తుంది. దాని కింది వైశాల్యం సిగ్మా వర్గం. సిగ్మా అంటే ప్రామాణిక విచలనం. మీ ఓడకు ముందు పట్టుకోవాల్సిన అంకె ఇదే.

ముందు ఓడ సహజ ఊపు కాలం. నీటి అదనపు జడత్వంతో కలిపి జైరేషన్ వ్యాసార్థాన్ని వెడల్పులో 0.4 వంతు, అంటే 6.4 మీటర్లుగా తీసుకోండి. రెండు పై (π) రెట్లు 6.4ని, 9.81 రెట్లు 0.9 వర్గమూలంతో భాగిస్తే 13.5 సెకన్లు. కోణీయ పౌనఃపున్యం సెకనుకు 0.465 రేడియన్లు.

తరవాత ఆ పౌనఃపున్యం దగ్గర సముద్రంలో ఎంత శక్తి ఉందో చూడాలి. దక్షిణం నుంచి వచ్చే పొడుగు ఉబ్బు కెరటాలు (స్వెల్, దూరాన పుట్టి ఇక్కడిదాకా వచ్చేవి) అనుకుందాం: ఎత్తు 2 మీటర్లు, స్పెక్ట్రమ్ శిఖరం కాలం 13.5 సెకన్లు. బ్రెట్‌ష్నైడర్ స్పెక్ట్రమ్ ఇక్కడ 0.77 ఇస్తుంది (మీటర్ల వర్గం, సెకను). ఓడను ఒరిగించేది కెరటం ఎత్తు కాదు, వాలు. కాబట్టి దాన్ని అలసంఖ్య (రెండు πని అల పొడవుతో భాగిస్తే వచ్చేది) 0.0221 వర్గంతో, ఆపైన పనికొచ్చే వాలు గుణకం 0.8 వర్గంతో గుణించాలి. 0.00024 వస్తుంది. డ్యాంపింగ్ (ఊపును అణచే గుణం) తక్కువగా ఉన్న ఓడ సహజ పౌనఃపున్యం చుట్టూ ఉన్న సన్నని పట్టీని మాత్రమే వింటుంది. అందుకే మొత్తం సమాకలనం చేయకుండా దగ్గరి విలువ తీయొచ్చు: π రెట్లు 0.465 రెట్లు 0.00024ను, నాలుగు రెట్లు డ్యాంపింగ్ నిష్పత్తితో భాగించండి. నిష్పత్తి 0.05 అయితే సిగ్మా 0.042 రేడియన్లు, అంటే 2.4 డిగ్రీలు.

ఇక మీరడిగిన గరిష్ఠం. మూడు గంటల్లో ఓడ సుమారు 800 సార్లు ఊగుతుంది. శిఖరాలు రేలీ పంపిణీ (ఎంత పెద్ద శిఖరం ఎంత అవకాశంతో వస్తుందో చెప్పే సూత్రం) పాటిస్తే మూడు గంటల పెద్ద ఒరుగుడు సిగ్మాకు 3.66 రెట్లు, అంటే 8.8 డిగ్రీలు. చాలా రిపోర్టులు ఇక్కడ ఆగిపోతాయి. ఆ 8.8 డిగ్రీలు అదే మూడు గంటల్లో దాటిపోయే అవకాశం 63 శాతం! దాన్ని డిజైన్ కోణంగా రాయకండి. 10 డిగ్రీలు దాటే అవకాశం సుమారు 13 శాతం. నూటికి ఒక్కసారి మాత్రమే దాటాలంటే 4.75 సిగ్మాలు, అంటే 11.4 డిగ్రీలు పెట్టుకోవాలి. బిల్జ్ కీల్స్ (ఓడ అడుగు వంపుల వెంట బిగించే సన్నని పలకలు) లేకపోవడంతో డ్యాంపింగ్ 0.02కు పడిపోతే సిగ్మా 3.8కి పెరుగుతుంది. మిగతా అంకెలన్నీ అదే నిష్పత్తిలో పెరుగుతాయి.

మరో మాట, విశాఖ తీరానికి ఇది ముఖ్యం. అదే 2 మీటర్ల ఎత్తు, కానీ శిఖరం కాలం 7 సెకన్లున్న స్థానిక గాలి కెరటాలైతే మీ ఓడ సిగ్మా 0.7 డిగ్రీల లోపే ఉంటుంది. ఎత్తు మారలేదు, ఒరుగుడు పావు వంతుకు పడింది. మన దగ్గర దక్షిణ మహాసముద్రం నుంచి వచ్చే ఉబ్బు, ఇక్కడి గాలి అలలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రెండిటినీ కలిపి ఒకే శిఖరమున్న స్పెక్ట్రమ్‌గా రాస్తే ఆ పొడుగు కాలపు శక్తి కనిపించకుండా పోతుంది. ఓడను పట్టుకునేది అదే. ఉబ్బుకు ఒకటి, గాలి అలకు ఒకటి, రెండు స్పెక్ట్రమ్‌లు వేసి కలపండి. సూచనలో ఎత్తు కన్నా ముందు కాలం చదవండి.

ప్రశ్న: మోడల్‌ను నిలవ నీటిలో ఒరిగించి వదిలి, ఊపు తగ్గే తీరు నుంచి డ్యాంపింగ్ తీస్తున్నాం. పెద్ద కోణం నుంచి వదిలితే ఒక విలువ, చిన్న కోణం నుంచి వదిలితే మరొకటి వస్తోంది. ఏది నిజం? (ప్రయోగశాల సాంకేతికుడు, గాజువాక)

జవాబు: రెండూ నిజమే. డ్యాంపింగ్ ఒక్క అంకె కాదనడానికి మీ కొలతే సాక్ష్యం. బిల్జ్ కీల్ అంచున సుడులు పుట్టి లాక్కునే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది, అందుకే పెద్ద ఊపులో డ్యాంపింగ్ ఎక్కువ కనిపిస్తుంది. లాగరిథమిక్ డిక్రిమెంట్ (వరస శిఖరాల నిష్పత్తి లాగరిథమ్) అని రికార్డు అంతటికీ ఒకే గీత గీస్తే ఈ రెండూ కలిసిపోతాయి.

పందొమ్మిదో శతాబ్దపు ఇంజనీరు విలియం ఫ్రూడ్ కాలం నాటి పద్ధతే ఇప్పటికీ మేలు. ఎడమ శిఖరం, కుడి శిఖరం, మళ్లీ ఎడమ, ఇలా వరసగా రాసుకోండి. పక్కపక్క శిఖరాల తేడాను వాటి సగటుతో భాగించి నిలువు అక్షం మీద, ఆ సగటు కోణాన్ని అడ్డం మీద పెట్టండి. చుక్కలు ఒక సరళరేఖ మీద పడాలి. రేఖ నిలువు అక్షాన్ని తాకిన విలువను πతో భాగిస్తే సరళ డ్యాంపింగ్ నిష్పత్తి. రేఖ వాలును నాలుగింట మూడు వంతులు చేస్తే వర్గ డ్యాంపింగ్ గుణకం. వాలు డిగ్రీల్లో ఉంటే ముందు 57.3తో గుణించి రేడియన్లకు మార్చాలి. ఇది మరచిపోతే వర్గ భాగం 57 రెట్లు తగ్గి, లేనట్టే కనిపిస్తుంది. మేం చూసిన తప్పుల్లో ఎక్కువసార్లు దొరికేది ఇదే.

ఉదాహరణకు అక్షం దగ్గర 0.10, వాలు డిగ్రీకి 0.01 వచ్చిందనుకోండి. సరళ నిష్పత్తి 0.032, వర్గ గుణకం 0.43. గజిబిజి అలల్లో వాడే సమాన నిష్పత్తి ఇలా వస్తుంది: 0.032కు, 0.8 రెట్లు 0.43 రెట్లు సిగ్మా కలపండి (సిగ్మా రేడియన్లలో). సిగ్మా తెలియాలంటే డ్యాంపింగ్ కావాలి, డ్యాంపింగ్ తెలియాలంటే సిగ్మా కావాలి. అందుకని ఒక ఊహతో మొదలుపెట్టి రెండు మూడుసార్లు తిప్పాలి. పై జవాబులోని ఓడకు ఇది 0.047 దగ్గర నిలుస్తుంది, సిగ్మా 2.5 డిగ్రీలు. అదే ఓడను 4 మీటర్ల ఉబ్బులో పెడితే నిష్పత్తి 0.058కి పెరిగి సిగ్మా 4.4 దగ్గర ఆగుతుంది. కెరటం రెట్టింపైనా ఒరుగుడు రెట్టింపు కాదు.

చేతిపని సంగతులు: వదిలిన వెంటనే వచ్చే మొదటి సగం ఊపును లెక్కలోకి తీసుకోకండి, చేతి తోపుడు అందులో కలిసి ఉంటుంది. మోడల్ కాస్త ఒక పక్కకు వాలి ఉంటే ఒక పక్క శిఖరాలు పెద్దవిగా, ఇంకో పక్కవి చిన్నవిగా వచ్చి చుక్కలు రంపంలా పడతాయి. సగటు వాలు తీసేసి గీయండి. సెన్సర్ల తీగ బిగుతుగా ఉంటే అది స్ప్రింగులా పనిచేసి కాలాన్నే మార్చేస్తుంది. ఊగే మోడల్ పుట్టించే అలలు పక్క గోడలకు తగిలి తిరిగొస్తాయి, అవి చేరిన తరవాతి రికార్డు పనికిరాదు. కొలను పొడవు ఇక్కడ ఆదుకోదు. విశాఖలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ హైస్పీడ్ టోయింగ్ ట్యాంకు 500 మీటర్ల పొడవున్నా వెడల్పు 8 మీటర్లే. ప్రతి రెండు పరుగుల మధ్య నీరు పూర్తిగా తేరుకోనివ్వండి.

ప్రశ్న: కంప్యూటర్‌లో మూడు గంటల ఒరుగుడు సిమ్యులేషన్ చేశాను, సెకనుకు 0.2 నుంచి 1.5 రేడియన్ల వరకు 100 అలలు కలిపి. గరిష్ఠ కోణం ప్రతిసారీ రేలీ చెప్పినదానికన్నా తక్కువే వస్తోంది. కొన్నిసార్లు సిగ్మా కూడా బాగా మారుతోంది. (డిజైన్ ఇంజనీరు, సీతమ్మధార)

జవాబు: మీరు చేసింది మూడు గంటల సిమ్యులేషన్ కాదు. సమాన దూరంలో 100 అలలు పెట్టారు కాబట్టి ఎడం 0.013. రెండు πని దాంతో భాగిస్తే 483 సెకన్లు. అంటే ఎనిమిది నిమిషాల సముద్రం 22 సార్లు తిరిగి తిరిగి వచ్చింది. పెద్ద శిఖరాలకు అవకాశమే లేదు. మూడు గంటలు తిరిగి రాకుండా ఉండాలంటే సమాన ఎడంతో 2,200 పైచిలుకు అలలు కావాలి. లేదా ఒక్కో పట్టీలో పౌనఃపున్యాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకోండి.

ఇంకో దెబ్బ కూడా ఉంది. ఓడ వినే పట్టీ వెడల్పు డ్యాంపింగ్ నిష్పత్తిని సహజ పౌనఃపున్యంతో గుణిస్తే వచ్చేదానికి రెట్టింపు. 0.05 నిష్పత్తికి 0.047, 0.02కైతే 0.019. అందులో మీ అలలు ఒకటో, మూడో పడతాయి. అవి అనునాదానికి ఎంత దగ్గరగా పడ్డాయన్న దాన్ని బట్టి సిగ్మా తూగుతుంది. ఆ పట్టీలో కనీసం పది అలలుండాలి.

ఇవన్నీ సరిచేసినా సిగ్మా కదులుతుంది. అది ఓడ స్వభావం, తప్పు కాదు. నిష్పత్తి 0.05, కాలం 13.5 సెకన్లున్న ఓడకు అరగంట రికార్డులో సిగ్మా పొరపాటు సుమారు 8 శాతం, మూడు గంటల్లో 3 శాతం. సముద్రంలో 20 నిమిషాల కొలత తీసి రెండు లోడింగ్ స్థితులను పోల్చి, 5 శాతం తేడాకు కారణాలు వెతికేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. మొదటి ఐదు నిమిషాలు కొట్టేయండి. ప్రారంభపు ఊపు నూరో వంతుకు తగ్గడానికే 200 సెకన్లు పడుతుంది.

రేలీ గురించి కూడా అడిగారు. అది రెండు వైపులా తప్పుతుంది. వర్గ డ్యాంపింగ్ పెద్ద శిఖరాలను కుదిస్తుంది, కాబట్టి రేలీ ఎక్కువ చెబుతుంది. పెద్ద ఒరుగుళ్లు గుంపుగా వస్తాయి, ఒకదాన్నొకటి మోసుకొస్తాయి. 800 శిఖరాలున్నా స్వతంత్రమైనవి అంతకు చాలా తక్కువ. కానీ జీజెడ్ వక్రం (ఒక్కో కోణం దగ్గర ఓడను నిలబెట్టే లివర్ ఎంతో చూపే గీత) వంగడం మొదలయ్యాక, అంటే నిలబెట్టే లివర్ కోణంతో సమానంగా పెరగడం మానేశాక, కథ ఎదురు తిరుగుతుంది. ఓడ అక్కడ మెత్తబడుతుంది, పంపిణీ తోక లావవుతుంది (పెద్ద కోణాల అవకాశం పెరుగుతుంది), రేలీ తక్కువ చెబుతుంది. చిన్న కోణాల సిగ్మాను పట్టుకుని 35 డిగ్రీల సంభావ్యత లెక్కేయడం మేం ఒప్పుకోం. ఆ కోణం దగ్గర ఓడ వేరే సమీకరణం. పూర్తి జీజెడ్ వక్రం పెట్టి, వేర్వేరు సీడ్లతో (యాదృచ్ఛిక అంకెల మొదళ్లతో) ఎన్నో పరుగులు చేసి, ఒక హద్దు దాటిన శిఖరాలను మాత్రమే పంపిణీకి అమర్చండి. గుంపుకు ఒక్క శిఖరమే తీసుకోండి. మీ ఓడకు రెండు నిమిషాల ఎడముంటే స్వతంత్రమనుకోవచ్చు.

ప్రశ్న: పోర్ట్ బ్లెయిర్ వెళ్లే ఓడలో ప్రయాణిస్తుంటాను. ఫిన్ స్టెబిలైజర్లు (ఊపు తగ్గించే పక్క రెక్కలు) ఉన్న ఓడలు కూడా ఆగినప్పుడు ఎక్కువ ఊగుతాయేం? (వన్‌టౌన్)

జవాబు: ఫిన్ ఎత్తే బలం నీటి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం సగమైతే బలం పావు, ఆగితే దాదాపు సున్నా. ఆగిన ఓడకు పనికొచ్చేవి బిల్జ్ కీల్స్, ఊపు తగ్గించే నీటి ట్యాంకులు. ట్యాంకు నీరు ఓడ ఊపు కాలానికి సరిగ్గా సరిపోయేలా నింపి ఉండాలి, లేకుంటే కొన్ని అలల్లో ఊపు పెరుగుతుంది కూడా.

ప్రశ్న: ఎదురు కెరటాల్లో ఓడ ముందూ వెనకా ఊగాలి గానీ పక్కలకు ఒరగడమేమిటి? కంటైనర్లు పడిపోయేంతగా ఒరుగుతుందని విన్నాను. (మర్చంట్ నేవీ కేడెట్, భీమిలి)

జవాబు: 1998 అక్టోబరులో ఉత్తర పసిఫిక్‌లో ఏపీఎల్ చైనా అనే కంటైనర్ ఓడకు జరిగింది అదే. తుపానులో ఎదురు కెరటాల మధ్య విపరీతంగా ఒరిగి వందల కంటైనర్లు సముద్రం పాలయ్యాయి. దీన్ని పారామెట్రిక్ రోలింగ్ అంటారు.

కంటైనర్ ఓడ ముందు భాగం పైకి విచ్చుకుని ఉంటుంది, వెనక భాగం వెడల్పు. కెరటం శిఖరం నడుమ ఉన్నప్పుడు నీటి మట్టం దగ్గర ఓడ సన్నబడుతుంది, జీఎమ్ తగ్గుతుంది. పల్లం నడుమకు వస్తే జీఎమ్ పెరుగుతుంది. ఊయల మీద పిల్ల సరైన సమయంలో లేచి కూర్చుని ఊపు పెంచుకున్నట్టే, ఒక ఊపులో రెండుసార్లు జీఎమ్ మారితే చిన్న ఒరుగుడు కొద్ది ఊపుల్లోనే పెద్దదవుతుంది. షరతు ఇది: కెరటాలు ఎదురయ్యే కాలం సహజ ఊపు కాలంలో సగానికి దగ్గరవాలి, కెరటం పొడవు ఓడ పొడవుకు దగ్గరవాలి, డ్యాంపింగ్ చాలకపోవాలి.

లెక్క చూడండి. 250 మీటర్ల కెరటం కాలం 12.65 సెకన్లు, వేగం సెకనుకు 19.8 మీటర్లు. ఓడ 8 నాట్ల వేగంతో ఎదురెళితే 10.5 సెకన్లకో కెరటం తగులుతుంది. ఆ ఓడ ఊపు కాలం 21 సెకన్లయితే ప్రమాదం సరిగ్గా అక్కడే. తుపాను వస్తే వేగం తగ్గించి ఎదురు నిలవడం పాత అలవాటు. ఈ జాతి ఓడలకు వేగం తగ్గడమే ఓడను ఆ కాలంలోకి తోయవచ్చు. బ్రిడ్జి మీద ఊపు కాలం, కెరటాల కాలం రెండూ గడియారం పట్టి కొలవండి. రెండో దాని రెట్టింపు మొదటిదానికి దగ్గరపడుతుంటే వేగమో దిశో మార్చాలి. ఒరుగుడు మొదలయ్యేదాకా ఆగకూడదు.

గణాంకాల వైపు ఒక హెచ్చరిక. ఇందులో ఒక రికార్డు సిగ్మాకు విలువ లేదు. ఒక గంటలో ఏమీ జరగదు, మరో గంటలో అదే సముద్రంలో 30 డిగ్రీలు దాటుతుంది. ఒక పొడుగు పరుగు కన్నా వేర్వేరు సీడ్లతో ఎన్నో పరుగులే దారి. ఐఎమ్‌ఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) 2020లో ఇచ్చిన రెండో తరం నిలకడ తాత్కాలిక మార్గదర్శకాల్లో చూడమన్న ఐదు వైఫల్య విధానాల్లో ఇదొకటి.

ప్రశ్న: మాకు ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు ఉంది, వెడల్పు 4.5 మీటర్లు. వేట నిషేధంలో రిపేరుకు పెట్టి పైన కేబిన్ ఎత్తు పెంచాం, విన్చ్ (వల లాగే యంత్రం) కూడా పైకి మార్చాం. ఇప్పుడు ఊపు నిదానంగా, హాయిగా ఉందని సరంగు అంటున్నాడు. మంచిదే కదా? (బోటు యజమాని)

జవాబు: మంచిది కాదండీ. ఆ హాయి బరువు పైకెక్కడం వల్ల వచ్చింది. జీఎమ్ తగ్గితే ఊపు నిదానిస్తుంది. నిదానంగా ఊగే బోటు ఒక పక్కకు వాలి ఆలస్యంగా లేస్తుంది. ఆ ఆలస్యంలో రెండో కెరటం డెక్కు మీదికి వస్తే లేవదు.

మీరే కొలవచ్చు. గాలి, అల లేని పొద్దున తాళ్లు వదులు చేసి, బోటు గోడకు గానీ పక్క బోటుకు గానీ తగలకుండా ఉంచండి, అడుగున సరిపడా నీరుండాలి. ఇద్దరు ముగ్గురు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు నడిచి కొద్దిగా ఊపండి, రెండు నుంచి ఆరు డిగ్రీలు చాలు. తరవాత అందరూ నడిమధ్య కదలకుండా నిలబడాలి. బోటు ఒక పక్క చివరకు వచ్చినప్పుడు గడియారం నొక్కి, అదే పక్కకు ఐదుసార్లు తిరిగొచ్చేదాకా లెక్కపెట్టి, ఆ సమయాన్ని ఐదుతో భాగించండి. మూడుసార్లు చేయండి. ట్యాంకులు నిండుగా గానీ ఖాళీగా గానీ ఉండాలి, హోల్డ్‌లో (చేపలు దాచే అరలో) నీరు ఉండకూడదు.

వెడల్పును 0.8తో గుణించి కాలంతో భాగించి, వచ్చినదాన్ని దాంతోనే గుణిస్తే జీఎమ్. మీ బోటుకు 4 సెకన్లొస్తే 0.81 మీటర్లు, 5 సెకన్లకు 0.52, 6 సెకన్లకు 0.36. ఒక్క డెక్కున్న చేపల ఓడలకు కనీసం 0.35 మీటర్లుండాలన్నది అంతర్జాతీయ కొలమానం. డెక్కు పూర్తిగా మూసి ఉన్న బోటులో కాలం సెకన్లలో వెడల్పు మీటర్లకన్నా తక్కువైతే మొదటి నిలకడ చాలుతుందని మోటు లెక్క. మీకు 4.5 దాటితే కొలవడంతో ఆపకుండా నేవల్ ఆర్కిటెక్ట్‌తో ఇంక్లైనింగ్ పరీక్ష (బరువులు పక్కకు జరిపి జీఎమ్ తేల్చేది) చేయించండి.

హోల్డ్‌లో కరిగిన ఐసు నీటిని తక్కువ చేయకండి. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు హోల్డ్‌లో నీరు స్వేచ్ఛగా దొర్లితే 30 టన్నుల బోటుకు జీఎమ్‌లో 0.23 మీటర్లు పోయినట్టే. నీరు అరచేతి లోతే ఉన్నా నష్టం దాదాపు అంతే, ఎందుకంటే అది లోతును బట్టి కాక వెడల్పు ఘనాన్ని బట్టి ఉంటుంది. నడుమ పొడవునా ఒక పలక బిగిస్తే నష్టం నాలుగో వంతుకు, సుమారు 0.06కు దిగుతుంది. తడి వలను కేబిన్ మీద కాక డెక్కు మీదే ఉంచండి. విన్చ్‌ను మళ్లీ కిందికి దించడానికి అయ్యే ఖర్చుకు వెనకాడవద్దు. జూన్ 14 తరవాత మొదటి వేటకు వెళ్లేముందు ఒకసారి, నిండు లోడుతో రేవుకు వచ్చాక ఒకసారి ఊపు కాలం కొలిచి, తేదీతో సహా వీల్‌హౌస్ గోడ మీద రాసిపెట్టండి. సముద్రంలో ఊపు ఆ అంకె కన్నా నిదానించిందని సరంగుకు అనిపిస్తే ముందు హోల్డ్ మూత తీసి నీరు చూడమనండి.